కీమో తెచ్చే తిమ్మిర్లు, అరికాళ్ల మంటలు: సూది, కోత లేకుండా చేయగలిగినవి, ఒక్కో అడుగుగా

గేటు దగ్గర ఒక చెప్పు పడి ఉంది. రెండోది అమ్మ కాలికే ఉంది. గేటు నుంచి మెట్లెక్కి హాల్లోకి వచ్చి సోఫాలో కూర్చునేదాకా ఒక కాలికి చెప్పు లేదన్న సంగతి ఆమెకు తెలియలేదు. నేను చూపిస్తే కాళ్ల వైపు చూసుకుని "తెల్వనే లేదు బిడ్డా" అంది. అప్పటికి రొమ్ము క్యాన్సర్‌కి వారం వారం ఎక్కించే ప్యాక్లిటాక్సెల్ ఏడో డోసు అయింది. అడగ్గా అడగ్గా చెప్పింది, నాలుగో డోసు నుంచే వేళ్ల చివర్లు మొద్దుబారుతున్నాయట. చెబితే మందు ఆపేస్తారేమో, జబ్బు మళ్లీ తిరగబెడుతుందేమో అని మింగి ఊరుకుంది.

హైదరాబాద్‌లో కీమో డే కేర్ వార్డుల్లో కూర్చున్నన్ని రోజులూ ఇలాంటి అమ్మలను, నాన్నలను చాలామందిని చూశాను. "కీమో అంటే ఇవన్నీ ఉంటాయిలే" అని ఓర్చుకునేవాళ్లే ఎక్కువ. ఈ నొప్పికి ఇంట్లో చేయగలిగినవి ఉన్నాయి, ఆసుపత్రిలో అడిగి చేయించుకోవాల్సినవి ఉన్నాయి, చేయకూడనివి కూడా ఉన్నాయి. అన్నిటికంటే ముందు మాత్రం తిమ్మిరి మొదలైన వారంలోనే నోరు విప్పి చెప్పాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇది ఎందుకు వస్తుంది

మన ఒంట్లో అన్నిటికంటే పొడవైన నరాలు నడుము దగ్గర మొదలై కాలివేళ్ల దాకా వెళ్తాయి. అంత దూరం పోషణ చేరాలంటే నరం లోపల సన్నని పట్టాల్లాంటి ఏర్పాటు ఒకటి ఉంటుంది. ప్యాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్, విన్‌క్రిస్టిన్ ఆ పట్టాలను పాడు చేస్తాయి. సిస్‌ప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ వెన్ను పక్కన ఉండే నరాల కణాలనే దెబ్బతీస్తాయి. మైలోమా అనే రక్త క్యాన్సర్‌కి ఇచ్చే బోర్టెజోమిబ్, థాలిడోమైడ్ కూడా ఈ జాబితాలోవే. దూరంగా ఉన్న చివర్లు ముందు దెబ్బతింటాయి కాబట్టి మొదట కాలివేళ్లు, తర్వాత చేతివేళ్లు. రెండు వైపులా ఒకేలా, మేజోళ్లు, గ్లౌజులు తొడుక్కున్న మేరకు వస్తుంది. చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు, కరెంటు కొట్టినట్టు, మంట పెట్టినట్టు, లేదంటే అసలేమీ తెలియనట్టు ఉంటుంది. ఒక్కొక్కరిది ఒక్కో తీరు.

ఎంతమందికి వస్తుంది? 4,179 మంది రోగుల వివరాలతో 2014లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం కీమో అయిన మొదటి నెలలో 68 శాతం మందికి, 3 నెలలకు 60 శాతం మందికి, 6 నెలలు దాటాక 30 శాతం మందికి ఈ బాధ ఉంది. అంటే చాలామందికి కాలంతో పాటు తగ్గుతుంది, కొందరికి మిగిలిపోతుంది. ఇంకో సంగతి కూడా ముందే తెలిసి ఉంటే టెన్షన్ తగ్గుతుంది. సిస్‌ప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ తీసుకున్నవాళ్లలో మందు ఆపేశాక కూడా రెండు మూడు నెలల పాటు తిమ్మిరి పెరుగుతూ పోవచ్చు. క్యాన్సర్ మళ్లీ వచ్చిందేమోనని అప్పుడు కంగారుపడతారు. అది ఆ మందుల స్వభావం. డాక్టరుకి చెప్పండి, కానీ భయపడిపోకండి.

షుగర్ ఉన్నవాళ్లకు, అప్పటికే కాళ్లు తిమ్మిరెక్కే అలవాటు ఉన్నవాళ్లకు, మద్యం తాగేవాళ్లకు ప్రమాదం ఎక్కువ. కీమో మొదలుపెట్టే ముందే షుగర్, బీ12, థైరాయిడ్ చూపించుకోండి. పప్పు, పెరుగు తప్ప వేరే లేని శాకాహారుల ఇళ్లలో బీ12 తక్కువగా ఉండటం మామూలే. ఆ లోటు సరిచేసుకోదగ్గది, అది అలాగే ఉండగా కీమో వచ్చి పడితే రెండూ కలిసి బాధ పెడతాయి.

అడుగు 1: ఒక నోటుబుక్కు పెట్టండి

చిన్నది చాలు, పాలవాడి లెక్క రాసుకునేంతది. ప్రతి డోసుకి ముందు రోజు రాత్రి ఐదు నిమిషాలు కేటాయించండి. "తిమ్మిరి ఉందా" అని అడిగితే మన పెద్దవాళ్లు "ఏం లేదులే" అంటారు. అందుకే పని చేయించి చూడాలి.

జాకెట్టు హుక్కులు, చొక్కా గుండీలు చూడకుండా పెట్టుకోగలుగుతున్నారా? పర్సులో చెయ్యి పెట్టి రూపాయి బిళ్ల ఏదో, ఐదు రూపాయల బిళ్ల ఏదో చెప్పగలుగుతున్నారా? నడుస్తుంటే చెప్పు జారితే తెలుస్తోందా? స్నానాల గదిలో కళ్లు మూసుకుని మొహం కడుక్కుంటుంటే ఒళ్లు తూలుతోందా? ఇది చాలా ముఖ్యమైన గుర్తు. పాదాల నుంచి సమాచారం అందనప్పుడు మనిషి కళ్ల సాయంతోనే నిలబడతాడు, కళ్లు మూయగానే తూలతాడు. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయించండి. రాత్రి నిద్ర ఎన్నిసార్లు చెదిరిందో రాయండి.

ఇక ఆ పేజీని డ్రిప్పు పెట్టకముందే డాక్టరు ముందు పెట్టాలి, పెట్టాక కాదు. ఓపీలో రద్దీ ఎంత ఉంటుందో మనకు తెలుసు, రెండు నిమిషాలు దొరికితే గొప్ప. అందుకే మాట సూటిగా ఉండాలి: "సార్, పోయిన డోసుకి కాలివేళ్లే తిమ్మిరి, ఇప్పుడు చీలమండ దాకా వచ్చింది. గుండీలు పెట్టుకోలేకపోతోంది. డోసు విషయం ఒకసారి చూస్తారా?" డోసు తగ్గించడం, ఒక వారం వాయిదా వేయడం, మందు మార్చడం, ఇవన్నీ డాక్టరు చేతిలో ఉన్న దారులు. 2020లో అమెరికన్ క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో ఇచ్చిన సూచనల్లోనూ భరించలేని న్యూరోపతి (నరాలు దెబ్బతిని వచ్చే ఈ తిమ్మిర్లు, మంటలే) వస్తే ఇవే పరిశీలించమని ఉంది. మనం చెప్పకపోతే ఆయనకు ఆ అవకాశమే లేదు. అమ్మ విషయంలో మొదటిసారి అడిగినచోట "ఇది అందరికీ ఉంటుందమ్మా" అని పంపేశారు. నోటుబుక్కు తీసుకుని రెండోసారి వెళ్తే డోసు తగ్గించారు. అదే డాక్టరు, అదే గది. తేడా ఆ పేజీలో ఉంది.

అడుగు 2: డ్రిప్పు ఎక్కే గంటల్లో

ఇక్కడ మందు పేరు తెలియడం ప్రాణం. ఒక మందుకి చల్లదనం మేలు, ఇంకోదానికి అదే నరకం.

ప్యాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ అయితే చేతులకు, పాదాలకు చల్లదనం పెట్టడం వల్ల అక్కడి రక్తనాళాలు ముడుచుకుని మందు తక్కువగా చేరుతుంది. డ్రిప్పుకి 15 నిమిషాల ముందు మొదలుపెట్టి, అయ్యాక ఇంకో 15 నిమిషాల దాకా ఉంచుతారు. 36 మంది రొమ్ము క్యాన్సర్ రోగులతో 2018లో అచ్చయిన అధ్యయనంలో ఒకవైపు చేతికి, కాలికి మాత్రమే గడ్డకట్టిన గ్లౌజులు, మేజోళ్లు తొడిగి చూశారు. తొడిగిన వైపు తిమ్మిరి బాగా తక్కువ వచ్చింది. అన్ని అధ్యయనాలూ ఇంత స్పష్టంగా లేవు, కాబట్టి ఇది హామీ కాదు. అయినా నా మట్టుకు నేను అడిగి చూడాల్సిన మొదటి సంగతి ఇదే అంటాను.

ఆసుపత్రిలో ఆ గ్లౌజులు లేకపోతే? చాలాచోట్ల ఉండవు. సిస్టర్‌ని ముందే అడిగి, మెడికల్ షాపుల్లో దొరికే జెల్ ప్యాకులు నాలుగైదు రాత్రే ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున థర్మోకోల్ డబ్బాలో వేసుకుని వెళ్లవచ్చు. పల్చటి కాటన్ మేజోడు తొడిగి దాని మీదే ప్యాక్ పెట్టాలి. చర్మానికి నేరుగా తగలకూడదు. చల్లదనం తగ్గిపోతుంటుంది కాబట్టి 40, 45 నిమిషాలకోసారి మార్చాలి. మధ్యమధ్య తీసి చూడండి. చర్మం తెల్లగా పాలిపోయినా, నొప్పి ఓర్చుకోలేనంత ఉన్నా ఆపేయాలి. సెలైన్ సూది ఉన్న చేతికి సిస్టర్ చెప్పినట్టే చేయాలి. అప్పటికే స్పర్శ పోయినవాళ్లకు, చలికి వేళ్లు తెల్లబడి నొప్పి పుట్టే జబ్బున్నవాళ్లకు, కాళ్లలో రక్తప్రసరణ సరిగా లేనివాళ్లకు ఇది వద్దు.

చల్లదనం భరించలేకపోతే ఇంకో పద్ధతి ఉంది. తమ సైజు కంటే ఒక సైజు చిన్న సర్జికల్ గ్లౌజులు రెండు జతలు ఒకదాని మీద ఒకటి తొడుక్కోవడం. ఒత్తిడికి వేళ్ల చివర్లకు రక్తం తక్కువ చేరుతుంది. ఖర్చూ తక్కువే. చేయించేముందు డాక్టరుని అడగండి.

ఇప్పుడు ఆక్సాలిప్లాటిన్. పెద్దపేగు క్యాన్సర్‌కి ఎక్కువగా ఇచ్చే మందు ఇది. దీనికి పైన చెప్పిన ఐసు పొరపాటున కూడా పెట్టకండి. ఈ మందు ఎక్కిన కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల దాకా చల్లటిది ఏది తగిలినా వేళ్లు జివ్వుమంటాయి, చల్లటి నీళ్లు తాగితే గొంతు పట్టేసి ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. అది నాలుగైదు రోజుల్లో సద్దుమణుగుతుంది. అన్ని రోజులూ గోరువెచ్చటి నీళ్లే తాగాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు గిన్నె, పొద్దున్నే తాకే స్టీలు చెంబు, ఏసీ గాలి, డిసెంబరు, జనవరిలో మన ఊళ్లో తెల్లవారుజామున వీచే చలిగాలి, అన్నిటికీ దూరం. ఫ్రిజ్ తలుపు తీయాల్సిందే అయితే గ్లౌజు తొడుక్కోండి, బయటికి వెళ్తే ముక్కూ నోరూ స్కార్ఫుతో చుట్టుకోండి. డ్రిప్పు నడుస్తుండగానే గొంతు పట్టేసి, దాంతోపాటు దద్దుర్లు, మొహం వాపు, ఆయాసం ఉంటే అది అలర్జీ కావచ్చు. వెంటనే సిస్టర్‌ని పిలవాలి.

అడుగు 3: రోజూ చేసే సాధన

ఈ రాతలో నేను ఎక్కువసేపు నిలబడేది ఇక్కడే. పైసా ఖర్చు లేనిది, ఎక్కువమందికి పనికొచ్చేది, అందరూ వదిలేసేది వ్యాయామమే. అలసట ఉంటుంది, నిజమే. అయినా కీమో అంతా అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు, మొదటి డోసు నాటి నుంచే మొదలుపెట్టాలి. 2024లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో ఆక్సాలిప్లాటిన్ లేదా విన్‌క్రిస్టిన్ లాంటి మందులు తీసుకుంటున్నవాళ్ల చేత వారానికి రెండుసార్లు, 15 నుంచి 30 నిమిషాల పాటు నిలకడ వ్యాయామాలు చేయించారు. ఏమీ చేయనివాళ్లతో పోలిస్తే వీళ్లలో న్యూరోపతి వచ్చినవాళ్లు సగం కంటే తక్కువే.

ఆ వ్యాయామాల మర్మం ఇదీ. అదుపు తప్పేలా ఉన్న నేల మీద నిలబడితే పాదం, మోకాలు, తుంటి, వెన్ను క్షణక్షణం మెదడుతో మాట్లాడుకోవాలి. ఆ మాటలు ఆగకుండా ఉంచడమే సాధన. దీనికి జిమ్ అక్కర్లేదు.

అమ్మ వంటగట్టు పట్టుకుని చేసేది. కుక్కర్ పెట్టాక రెండు కాళ్లూ దగ్గరగా పెట్టి 20 సెకన్లు నిలబడటం, మూడుసార్లు, మధ్యలో కాస్త విశ్రాంతి. అది సులువయ్యాక ఒక పాదం ముందు ఇంకో పాదం, మడమకు బొటనవేలు ఆనేలా పెట్టి 20 సెకన్లు. అదీ సులువయ్యాక ఒంటికాలి మీద. మొదట రెండు చేతులూ గట్టు మీదే, తర్వాత ఒక చెయ్యి, తర్వాత వేలి చివర. నేల మీద వచ్చేశాక బొంతను నాలుగు మడతలు పెట్టి దాని మీద అవే చేసింది. బొంత మెత్తగా దిగిపోతుంది కాబట్టి చీలమండ పని చేయక తప్పదు. కళ్లు మూసుకుని చేయడం ఆఖరి మెట్టు. అది ఇంకో మనిషి పక్కన ఉంటేనే. మొదటి వారం అమ్మ బొంత మీద నాలుగు సెకన్లకు మించి నిలబడలేదు. నోటుబుక్కులో రాసి ఉంది, ఆరో వారానికి 20.

దీనికి తోడు కాళ్లలో బలం కావాలి. కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేచి కూర్చోవడం పదిసార్లు. గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి దించడం పదిసార్లు, మడమల మీద నిలబడి వేళ్లు పైకెత్తడం పదిసార్లు. కింద టవల్ పరిచి కాలివేళ్లతో దాన్ని దగ్గరికి లాక్కోవడం, గోళీకాయలు వేళ్లతో పట్టి గిన్నెలో వేయడం పిల్లలతో కలిసి చేస్తే ఆటలా సాగిపోతుంది.

నడక రోజుకి పదేసి నిమిషాల చొప్పున రెండు మూడు విడతలు. ఇందిరా పార్కు లాంటి చోట చదునైన బాట మీద, పొద్దున ఎండ ముదరకముందే. పగిలిన ఫుట్‌పాత్‌ల మీద, గుంతల రోడ్డు మీద నడకకు పంపకండి. మెట్రోలో ఎస్కలేటరు బదులు లిఫ్టు ఎక్కించండి. కదిలే మెట్టు మీద పాదం ఎక్కడ పడిందో తెలియనివాళ్లు అక్కడే పడతారు.

చేతుల సంగతికి వస్తే మన ఇళ్లలో ఉన్నంత ఫిజియోథెరపీ ఇంకెక్కడా లేదు. ముగ్గుపిండిని బొటనవేలు, చూపుడువేలి మధ్య పట్టి సన్నగా వదలడం వేళ్ల నరాలకు చాలా సూక్ష్మమైన పని. మల్లెలు దారంతో కట్టడం, బఠాణీలు ఒలవడం, బియ్యంలో రాళ్లు ఏరడం, చపాతీ పిండి పిసకడం కూడా అంతే. రోజుకి పావుగంట. అమ్మకు మొదట్లో మూర పూలకు గంట పట్టేది, ముడి జారిపోయి కళ్లనీళ్లు పెట్టుకునేది. అలాంటప్పుడు లావు దారం, పెద్ద పూలతో మొదలుపెట్టండి.

యోగా తెలిసినవాళ్లు మానక్కర్లేదు. తాడాసనం, గోడ ఆసరాతో వృక్షాసనం నిలకడ సాధనలే. శవాసనంలో నిదానంగా ఊపిరి మీద ధ్యాస పెడితే రాత్రి నొప్పి మీది భయం తగ్గుతుంది. 

జ్వరం ఉన్నరోజు, ప్లేట్‌లెట్లు బాగా తగ్గాయన్న రోజు, కళ్లు తిరుగుతున్నప్పుడు వ్యాయామం వద్దు. జబ్బు ఎముకలకు, ముఖ్యంగా వెన్నెముకకు పాకినవాళ్లు ఫిజియోథెరపిస్టుని కలవకుండా ఏదీ మొదలుపెట్టవద్దు.

అడుగు 4: చర్మానికి మళ్లీ స్పర్శ నేర్పడం

దుప్పటి తగిలినా మండే పాదాలకు, ఏమీ తెలియని వేళ్లకు ఇదొకటి చేయవచ్చు. దూది, పట్టుగుడ్డ, టర్కీ టవల్, కొబ్బరి పీచు, వీటిని మెత్తటిదాని నుంచి గరుకుదాని దాకా వరుసగా పెట్టుకోండి. భరించగలిగిన దానితో మొదలుపెట్టి ఒక్కోటి రెండు నిమిషాలు మెల్లగా రాయండి. మొదట చూస్తూ, తర్వాత కళ్లు మూసుకుని. ఒక గిన్నెలో కందిపప్పు, ఇంకోదాంట్లో ఆవాలు, ఇంకోదాంట్లో శనగలు పోసి వేళ్లు ముంచి ఏది ఏదో చెప్పించండి. మెదడుకి అందే సంకేతం సరిగా లేనప్పుడు అది దాన్నే మంటగా లెక్క కడుతుంది. తెలిసిన స్పర్శలను మళ్లీ మళ్లీ అందిస్తే ఆ లెక్క కొంత సర్దుకుంటుంది. వారం రోజుల్లో తేడా కనపడదు, నెల పైమాటే.

అడుగు 5: రాత్రి మంటలు

పగలు పనిలో మరిచిపోయిన మంట పడుకోగానే లేస్తుంది. ముందు గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు పాదాలు పెట్టి, తడి లేకుండా తుడిచి, నువ్వుల నూనెతో మెల్లగా మర్దన. కాలు ఒక్కటే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మర్దన చేయకండి, అది రక్తం గడ్డ కావచ్చు. రొమ్ము ఆపరేషన్ అయిన వైపు చెయ్యి వాచి ఉన్నా ఇష్టం వచ్చినట్టు పిసకకూడదు.

మెంథాల్ ఒక శాతం ఉన్న క్రీము రోజుకి రెండుసార్లు రాస్తే కొందరికి మంట తగ్గుతుంది. పగుళ్లు, పుండ్లు లేని చర్మం మీదే రాయాలి, రాశాక చేతులు కడుక్కోవాలి. ఆక్సాలిప్లాటిన్ వాడుతూ చలి పడనివాళ్లకు ఇది మంటను పెంచవచ్చు, వాళ్లు వదిలేయడమే మంచిది. మిరపలోని కారపు పదార్థం క్యాప్సైసిన్ 8 శాతం ఉన్న ప్యాచ్ కూడా ఒకటుంది. దాన్ని క్లినిక్‌లోనే వేయాలి, ఇంట్లో కాదు. పడుకునేటప్పుడు పాదాల మీద దుప్పటి ఆనకుండా మంచం చివర ఒక పీట పెట్టి దాని మీదుగా కప్పడం చిన్న కిటుకు. మాకు చాలా పనికొచ్చింది.

కాపడం మాత్రం వద్దు. ఇది నేను చేసిన తప్పు కాబట్టి చెబుతున్నాను. అమ్మ అల్లాడుతుంటే ఉప్పు మూట పెనం మీద వేడి చేసి అరికాళ్లకు పెట్టాను. నా చేతికి వేడి సరిపోయిందనిపించింది. ఆమె "హాయిగా ఉంది, ఇంకాసేపు పెట్టు" అంది. పొద్దున చూస్తే మడమ పక్కన రూపాయి బిళ్లంత బొబ్బ. కీమోలో తెల్లరక్తకణాలు తగ్గి ఉంటాయి, ఆ పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. వేడినీళ్ల సంచి, హీటింగ్ ప్యాడ్, ఇసుక కాపడం, ఏదీ వద్దు.

అడుగు 6: మిషన్లు

టెన్స్ అని చిన్న మిషన్ ఉంటుంది. జిగురు ప్యాడ్లు చర్మానికి అంటించి సన్నటి కరెంటు పంపుతుంది. ఇంట్లో వాడుకోదగ్గది, ఖర్చు కూడా మరీ భయపెట్టేది కాదు. మొదటి రెండు మూడు సార్లు ఫిజియోథెరపిస్టు దగ్గరే పెట్టించుకుని ప్యాడ్లు ఎక్కడ పెట్టాలో, ఎంత పెంచాలో నేర్చుకోండి. చిమచిమలాడాలి, నొప్పి పుట్టకూడదు. పూర్తిగా స్పర్శ పోయినచోట, గడ్డ ఉన్నచోట, మెడ ముందు భాగంలో, పుండ్ల మీద పెట్టకూడదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు వద్దు.

స్క్రాంబ్లర్ థెరపీ ఇటలీలో పుట్టింది. ఈసీజీ లాంటి ప్యాడ్లతో నొప్పి సంకేతం బదులు నొప్పి లేదన్న సంకేతం పంపడం దాని ఆలోచన. రోజుకి అరగంట నుంచి ముప్పావుగంట, పది రోజుల దాకా చేస్తారు. కొన్ని చిన్న అధ్యయనాల్లో బాగా పనిచేసింది, కొన్నిట్లో ఉత్తుత్తి మిషన్‌కి దీనికి తేడా రాలేదు. లేజర్ కాంతి చికిత్స పరిస్థితీ దాదాపు అంతే. ప్యాకేజీ కింద పెద్ద మొత్తం ముందే కట్టమంటే కట్టకండి. మూడు సిట్టింగులకు విడిగా ఇచ్చి, నోటుబుక్కులో మార్కులు తగ్గాయో లేదో చూసుకుని ముందుకెళ్లండి.

ఆక్యుపంక్చర్‌లో సూదులు చర్మంలోకి దిగుతాయి. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు తక్కువ ఉన్నప్పుడు ఆంకాలజిస్టు, అంటే క్యాన్సర్ డాక్టరు, సరే అంటేనే.

మందుబిళ్లల గురించి రెండు ముక్కలు

ఆస్కో సూచనల్లో ఈ నొప్పికి సిఫార్సు ఉన్న మాత్ర ఒక్కటే, డ్యులాక్సెటిన్. 2013లో 231 మందితో చేసిన పరీక్షలో ఇది వేసుకున్నవాళ్లలో 59 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 38 శాతం మందికి నొప్పి తగ్గింది. తిమ్మిరి కంటే నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకే దీని అవసరం. రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే టామాక్సిఫెన్ మాత్ర వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. మొదలుపెట్టాక మీ అంతట మీరు ఆపకూడదు.

"నరాల బలానికి" అని మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే మాత్రల పట్టీ వెనక్కి తిప్పి చదవండి. అసిటైల్ ఎల్-కార్నిటైన్ అని ఉంటే పక్కన పెట్టేయండి. 409 మంది రొమ్ము క్యాన్సర్ రోగులతో 2013లో అచ్చయిన పరీక్షలో నరాలను కాపాడుతుందని ఇచ్చిన ఈ మందే న్యూరోపతిని పెంచింది. బీ6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడినా అదే నరాలను దెబ్బతీస్తుంది. బంధువులు తెచ్చే భస్మాలు, పసర్ల సంగతి డాక్టరుకి దాచకండి.

ఇంట్లో జాగ్రత్తలు

స్నానం నీళ్లు ఇంకొకరు చూడాలి, లేదా మోచేత్తో చూసుకోవాలి. వేళ్లను నమ్మవద్దు. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి గోడకి కడ్డీ, జారని చాప, రాత్రంతా సన్నటి లైటు. టైల్స్ మీద తడి ఉండనివ్వకండి. కత్తిపీట కొన్నాళ్లు అటకెక్కించండి. చాయ్ గాజు గ్లాసులో కాకుండా చెవి ఉన్న కప్పులో ఇవ్వండి. బిగుతైన మెట్టెలు, ఉంగరాలు తీసేయించండి. సెంటిమెంటు ఉంటుంది, అర్థం చేసుకోగలను, కానీ మెట్టె కింద కోసుకుపోయిన వేలు చీము పట్టేదాకా తెలియని సందర్భాలుంటాయి.

గుడికి వెళ్తే మండుటెండలో రాతి మెట్ల మీద ఒట్టికాళ్లతో నడవనివ్వకండి. పొద్దున్నే తీసుకెళ్లండి, మేజోళ్లు తొడగండి. ఇంట్లోనూ ఒట్టికాళ్లు వద్దు. ప్రతి రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు టార్చి వేసి చూడాలి. వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోవాలి. పాదం కింద బ్రేక్ తెలియనంతవరకు స్కూటీ, కారు నడపకూడదు. మన ట్రాఫిక్‌లో అసలే కూడదు.

కాలు ఉన్నట్టుండి బలహీనపడినా, పాదం ఎత్తలేక ఈడుస్తున్నా, వెన్నులో కొత్తగా తీవ్రమైన నొప్పి వచ్చినా, మూత్రం, విరేచనం అదుపు తప్పినా, ఒకవైపే తిమ్మిరెక్కి మాట తడబడినా అది మామూలు న్యూరోపతి కాదు. తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

హైదరాబాద్‌లో ఎక్కడ అడగాలి

మొదట మీ ఆంకాలజిస్టునే అడగండి, ఫిజియోథెరపీకి చీటీ రాయించుకోండి. ప్రభుత్వ వైద్యం కావాలంటే లక్డీకాపూల్ దగ్గర రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అక్కడ నొప్పికి, పాలియేటివ్ కేర్‌కి విడిగా విభాగం ఉంది. పంజాగుట్టలో నిమ్స్ ఉంది, అక్కడ క్యాన్సర్, న్యూరాలజీ విభాగాలు ఒకేచోట ఉంటాయి. ఇక ట్రస్టు నడిపే బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి బంజారాహిల్స్‌లో ఉంది. పాలియేటివ్ అనగానే మన ఇళ్లలో "ఇక ఆశ లేదన్నట్టా?" అని హడలిపోతారు. అమ్మ కూడా ఆ బోర్డు చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అది నొప్పి తగ్గించే విభాగం. జబ్బు నయమయ్యేవాళ్లు, కీమో మధ్యలో ఉన్నవాళ్లు, ఎప్పుడో అయిపోయినవాళ్లు, అందరూ వెళ్లవచ్చు.

మొదటిసారి వెళ్లేటప్పుడు కీమో మందుల పేర్లు, డోసుల తేదీలు ఉన్న కాగితాలు, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలన్నీ, ఆ నోటుబుక్కు ఒక సంచిలో పెట్టుకోండి. కాళ్లకు వెనక పట్టీ ఉన్న చెప్పులు తొడిగి తీసుకెళ్లండి.